బిగువుకు లెక్క వచ్చిన తీరు

కారు ఏసీలో గ్యాస్ తిరిగే దారి ఎక్కడా తెరుచుకోని ఒక చుట్టు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు, అక్కడి నుంచి డ్రయ్యర్ మీదుగా ఎక్స్‌పాన్షన్ వాల్వుకు, డ్యాష్‌బోర్డు వెనకున్న ఇవాపరేటర్‌కు, మళ్లీ కంప్రెసర్‌కు. ఈ దారిలో పైపు వచ్చి ఒక భాగాన్ని కలిసే ప్రతి చోటా ఒక జాయింటు, దాన్ని పట్టి ఉంచే నట్టో బోల్టో ఉంటుంది. మంచి ఎండలో కంప్రెసర్ దాటిన వైపు పీడనం 200 నుంచి 250 పీఎస్‌ఐ దాకా పోతుంది. కారు టైరులో ఉండేది 30 పైచిలుకే. అంత ఒత్తిడికి అడ్డు నిలిచేది చిటికెన వేలి కన్నా సన్నని బోల్టు, అది అదిమి పట్టిన రబ్బరు రింగు. బోల్టు వదులైతే గ్యాస్ పోతుంది. మరీ బిగిస్తే మరలు ఊడతాయి, అల్యూమినియం పగులుతుంది, రబ్బరు చితుకుతుంది, అప్పుడూ గ్యాస్ పోతుంది. ఈ రెండింటి నడుమ మిగిలిన సందులోనే సరైన బిగువు ఉంది. తొలినాళ్లలో ఆ సందు వెడల్పుగా ఉండేది, చేతి అంచనా సరిపోయేది. ఇనుము పోయి అల్యూమినియం వచ్చి, గ్యాస్ ఖరీదై, దాన్ని గాలిలోకి వదలకూడదని చట్టాలు వచ్చిన కొద్దీ అది ఇరుకైపోయింది.

బిగువుకు లెక్క కట్టాలంటే ముందు మరలకు ఒక కొలత ఉండాలి. 19వ శతాబ్దం మొదట్లో అది లేదు. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కోసే లేతు యంత్రాన్ని 1800 ప్రాంతంలోనే కుదిర్చినా, ఒక కర్మాగారంలో చేసిన నట్టు పక్క కర్మాగారపు బోల్టుకు ఎక్కేది కాదు. మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులోని వర్క్‌షాపుల నుంచి బోల్టులు సేకరించి, వాటి సగటు చూసి, 1841లో 55 డిగ్రీల కోణంతో ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణం మేలన్నాడు. కోయడం తేలిక, కొలవడం తేలిక అన్నది అతని వాదన. అలా అట్లాంటిక్‌కు ఒక పక్క ఒక మర, మరో పక్క ఇంకో మర నిలిచిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి యంత్రాలను మరొకరు బాగు చేసుకోవాల్సి వచ్చినప్పుడు ఈ తేడా ఎంత చేటో తెలిసింది. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. ఐరోపా ఖండం మాత్రం 1898 నాటి జ్యూరిక్ సమావేశం నుంచీ మిల్లీమీటర్ల మరలతోనే సాగింది. ఇవాళ్టి కార్లలో గెలిచింది ఆ మిల్లీమీటర్ల మరే.

మర కుదిరినా బిగువు కుదరలేదు. బోల్టు చూడటానికి మొండి ఇనుప ముక్కలా ఉన్నా, బిగించినప్పుడు అది స్ప్రింగులా రవ్వంత సాగుతుంది. అలా సాగి వెనక్కి లాగే బలమే రెండు భాగాలను కలిపి నొక్కి పెడుతుంది. చిక్కేమిటంటే ఆ సాగుడును పానా పట్టిన చెయ్యి నేరుగా తెలుసుకోలేదు. పానా మీద పెట్టిన బలంలో దాదాపు సగం బోల్టు తల కింద ఒరిపిడికే పోతుంది; మరో 40 శాతం మరల మధ్య ఒరిపిడికి పోతుంది; బోల్టును సాగదీయడానికి మిగిలేది 10 శాతం. అందుకే తుప్పు పట్టిన బోల్టు చేతికి గట్టిగా తగిలినా లోపల వదులుగానే ఉండవచ్చు. అదే బోల్టుకు నూనె రాసి అంతే బలంతో తిప్పితే ఒరిపిడి తగ్గి, సాగుడు ఎంతో పెరిగి తెగిపోనూవచ్చు. చేతికి తెలిసేది ఒరిపిడే తప్ప బిగువు కాదు. బిగింపు అంతా అనుభవమే అని నమ్మే మెకానిక్‌కు రుచించని మాటే అయినా, ఆ నమ్మకంలోని లోటు ఇక్కడే ఉంది.

తిప్పే బలాన్ని టార్క్ అంటారు. దాన్ని కొలిచే టార్క్ రెంచి మోటారు షెడ్డులో పుట్టలేదు, నీటి పైపుల దగ్గర పుట్టింది. న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో కాన్రాడ్ బార్ అనే ఉద్యోగి ఉండేవాడు. వీధుల కింద పోయే నీటి, ఆవిరి పైపుల ఫ్లాంజీలను కూలీలు బలం కొద్దీ బిగిస్తుంటే బోల్టులు తెగేవి. భూమి లోపల తెగిన బోల్టును మార్చాలంటే రోడ్డు తవ్వాలి. బిగువు ఇంత దాటకూడదని చెప్పే రెంచిని బార్ 1918లో తయారు చేశాడని చెబుతారు. జార్జ్ ఫెఫర్లేతో కలిసి పెట్టుకున్న దరఖాస్తుకు 1937లో పేటెంటు వచ్చింది. కావలసిన బిగువు అందగానే చప్పుడుతో చెప్పడం దాని ప్రత్యేకత. ఈలోగా కార్ల పరిశ్రమ కూడా అదే దారి పట్టింది. ఇంజన్ హెడ్డు బోల్టులు ఒక్కొక్కటి ఒక్కో బిగువులో ఉంటే హెడ్డు వంకరపోయి గ్యాస్కెట్టు కాలిపోతుంది. 1920ల చివర, 1930ల మొదట్లో క్రైస్లర్ కంపెనీ వంగే కడ్డీ, సూచిక ముల్లు ఉన్న రెంచిని రూపొందించుకుంది. దాన్ని తయారుచేసి అమ్మే అనుమతి పొందిన పాల్ స్టర్టెవాంట్ వల్ల అది మామూలు వర్క్‌షాపులకు చేరింది. ఇంజన్ పని చేసేవాళ్లు దాన్ని త్వరగానే అందిపుచ్చుకున్నారు. ఏసీ పని దాకా రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

కార్లలో చలి నుంచి కాపాడే ఏర్పాటు ఏసీ కన్నా ముందు వచ్చింది. 1929లో ఫోర్డ్ మోడల్ ఏ కారులో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ వేడెక్కిన గాలిని లోపలికి పంపే హీటరు అమర్చుకునే వీలుండేది. అందులో జాయింటు వదులైతే వేడి గాలితో పాటు పొగ, కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి వచ్చేవి. ఇంజన్‌ను చల్లార్చే వేడి నీటినే చిన్న రేడియేటరులోకి మళ్లించే హీటరు రావడంతో ఆ ప్రమాదం తప్పింది. 1938లో నాష్ కంపెనీ బయటి గాలిని వడకట్టి, ఆ నీటితో వేడి చేసి లోపలికి పంపే పద్ధతిని తెచ్చింది. తర్వాత దానికి ‘వెదర్ ఐ’ అని పేరు పడింది. ఇప్పటి కార్ల హీటర్లు చాలావరకు మూలంలో దాని సంతానమే.

నీటి హీటరుకు రబ్బరు గొట్టాలు, వాటిని పట్టి ఉంచే క్లిప్పులు కావాలి. బ్రిటిష్ నౌకాదళ అధికారి లమ్లీ రాబిన్సన్ 1921లో పేటెంటు పొందిన జూబిలీ క్లిప్పు ఈ పనికి చక్కగా కుదిరింది. ఉక్కు పట్టీకి గాట్లు, వాటిలో పడి తిరిగే ఒక స్క్రూ. స్క్రూ డ్రైవరుతో తిప్పితే పట్టీ బిగుసుకుంటుంది. రాగి, ఇత్తడి హీటర్ల కాలంలో దాన్ని ఎంత బిగించినా పెద్ద నష్టం జరగలేదు. తర్వాత హీటర్ కోర్లు అల్యూమినియానికి, వాటి కొనలు ప్లాస్టిక్కుకు మారాయి. అప్పటి నుంచి అదే క్లిప్పు, అదే చెయ్యి గొట్టపు మెడను పగలగొట్టడం మొదలుపెట్టాయి. పైగా రబ్బరు వేడికి ఉబ్బి, చల్లారి, ఏళ్లు గడిచేసరికి నలిగిన మేరకు అలాగే ఉండిపోతుంది. స్క్రూ క్లిప్పు దాని వెంట రాదు. అందుకే కంపెనీలు తమంతట తామే బిగువు సర్దుకునే స్ప్రింగు క్లిప్పుల వైపు మొగ్గాయి. వాటిని తీసి పారేసి స్క్రూ క్లిప్పు వేయడం చాలా షెడ్లలో అలవాటు. చూడటానికి గట్టి పనిలా కనిపించినా నిజానికి వెనక్కి వేసిన అడుగు అది.

కారులో కంప్రెసరుతో నడిచే ఏసీని మొదట అమ్మింది ప్యాకార్డ్ కంపెనీ. 1939 నవంబరులో షికాగో ప్రదర్శనలో 1940 మోడల్ కారుతో దాన్ని చూపించారు. క్లీవ్‌లాండ్‌లోని బిషప్ అండ్ బాబ్‌కాక్ సంస్థ తయారు చేసిన ఆ యంత్రం ధర 274 డాలర్లు. ఇవాపరేటరు, ఫ్యాను డిక్కీలో ఉండేవి కాబట్టి ఇంజన్ నుంచి కారు వెనక దాకా గ్యాస్ పైపులు వేశారు. కంప్రెసరుకు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే. కొన్నాళ్లకే ప్యాకార్డ్ దాన్ని మానేసింది. యుద్ధం తర్వాత 1953లో క్రైస్లర్, 1954లో నాష్ మళ్లీ మొదలుపెట్టాయి. నాష్ అంబాసిడర్ కారులో హీటరూ ఏసీ కలిపి ఒకే యంత్రంగా ముందు భాగంలో అమర్చారు, కంప్రెసరుకు అయస్కాంత క్లచ్ పెట్టారు. పైపుల పొడవు తగ్గింది. కానీ అన్నీ ఇంజన్ పక్కకే రావడంతో వాటికి వేడి, అదురు ఎక్కువయ్యాయి.

ఆ తొలి దశాబ్దాల్లో జాయింట్లు ఇళ్లలోని ఫ్రిజ్ పని నుంచి తెచ్చుకున్నవే. రాగి గొట్టం కొసను 45 డిగ్రీల గరాటులా విప్పి, ఇత్తడి నట్టుతో శంకువు మీదికి నొక్కేవారు. దాన్ని ఫ్లేర్ అంటారు. లోహం లోహాన్ని ఒరుసుకుని మూసుకోవాలి కాబట్టి బలం గట్టిగానే పెట్టాలి. అతిగా పెడితే గరాటు అంచు పలచబడి చీలుతుంది. నిలకడగా ఒకచోట ఉండే ఫ్రిజ్‌కు ఇది సరిపోయింది, గతుకుల్లో అదిరే కారుకు సరిపోలేదు.

దారి మార్చింది రబ్బరు రింగు. డెన్మార్కులో పుట్టి 1891లో అమెరికా చేరిన నీల్స్ క్రిస్టెన్సెన్ 70 ఏళ్లు దాటాక ఓ-రింగుకు దరఖాస్తు పెట్టాడు. 1939లో పేటెంటు వచ్చింది. యుద్ధ అవసరాల కోసం అమెరికా ప్రభుత్వం దాని హక్కులు కొని అన్ని కంపెనీలకూ తెరిచింది. విమానాల్లో నెగ్గిన ఆ రింగు తర్వాత ఏసీ పైపుల్లోకి వచ్చింది. ఇందులోని కిటుకు చిన్నది కాదు. గాడిలో రవ్వంత నలిగి కూర్చున్న రింగును గ్యాస్ ఒత్తిడే అంచుకు నెట్టి మూస్తుంది. నట్టు పని రెండు లోహాలు ఒకదానికొకటి తగిలేదాకా దగ్గరికి తేవడం వరకే. ఆ తర్వాత పెట్టే బలమేదీ గ్యాస్‌ను ఆపడానికి పనికిరాదు, మరలకు చేటు చేస్తుంది. ఫ్లేర్ కాలంలో చేయి తిరిగిన మెకానిక్‌లు ఓ-రింగు జాయింటునూ అదే ఊపుతో బిగించారు. పరికరం మారినంత వేగంగా చెయ్యి మారదు.

ఆ అలవాటును మాన్పడానికే మాన్యువళ్లలో అంకెలు చోటు చేసుకున్నాయి. 1970ల నాటి జనరల్ మోటార్స్ షాపు మాన్యువళ్లలో ఏసీ అధ్యాయానికి ఒక పట్టిక ఉండేది. పైపు మందాన్ని బట్టి వరసలు, లోహాన్ని బట్టి రెండు నిలువు గళ్లు. అర అంగుళం పైపు ఉక్కుదైతే 33 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 45 న్యూటన్ మీటర్లు. అదే పైపు అల్యూమినియమో రాగో అయితే 12 ఫుట్ పౌండ్లు, సుమారు 16 న్యూటన్ మీటర్లు. పావు అంగుళం పైపుకు 13, 6. ఉక్కు పైపు వచ్చి అల్యూమినియం పైపును కలిస్తే ఏ అంకె పాటించాలి? మెత్తని లోహం అంకే. ఈ ఒక్క నియమం తెలియక పాడైన కండెన్సర్లు లెక్కలేనన్ని. బరువు తగ్గించడానికి పైపులు, కండెన్సర్లు, కంప్రెసరు ఒళ్లు అన్నీ అల్యూమినియానికి మారుతున్న రోజులవి. కుడివైపు గడిలోని చిన్న అంకెలే కొన్నాళ్లకు మొత్తం పట్టిక అయిపోయాయి.

రెండు పానాల నియమం కూడా అప్పటిదే. ఒక పానాతో నట్టు తిప్పుతూ రెండో పానాతో అవతలి ఫిట్టింగును కదలకుండా పట్టాలి. పట్టకపోతే తిప్పిన బలం పైపును మెలిపెడుతుంది. మెలిపడిన అల్యూమినియం పైపు అప్పటికప్పుడు కారదు. అదురుకు అలిసి కొన్ని నెలల తర్వాత చీలుతుంది. అప్పుడు నెపం పైపు మీదికి పోతుంది, పానా మీదికి పోదు. రింగుకు ఏసీ నూనె రాయడం, నట్టును ముందు చేత్తోనే పూర్తిగా ఎక్కించి ఆ తర్వాతే పానా అందుకోవడం కూడా ఇదే కాలంలో పుస్తకాలకెక్కాయి. చేత్తో ఎక్కని నట్టు అడ్డంగా మర పడిందని గుర్తు.

కంప్రెసరును ఇంజనుకు పట్టి ఉంచే బోల్టుల సంగతి వేరు. అక్కడ లీకుతో కన్నా అదురుతోనే పోరు. బోల్టులు ఎందుకు వాటంతటవే వదులవుతాయన్నది చాలాకాలం అంతుపట్టలేదు. జర్మన్ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ 1969లో ప్రచురించిన ప్రయోగాలు చిక్కుముడి విప్పాయి. బోల్టు పొడవునా వచ్చే అదురు కన్నా, భాగాలు అడ్డంగా అటూ ఇటూ జారడమే బోల్టును విప్పుతుందని అతను చూపాడు. కంప్రెసరు మీద బెల్టు లాగుడు సరిగ్గా అలాంటిదే, అడ్డంగా వచ్చే బలం. దానికి విరుగుడు భాగాలు జారనంత బిగువే. ఆ తరహా పరీక్షల్లో స్ప్రింగు వాషరు దాదాపు ఏ ఉపకారమూ చేయలేదు. అయినా స్ప్రింగు వాషరు లేకుండా బోల్టు బిగించని మెకానిక్‌లు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. నమ్మకాలకు వాషర్లు బాగానే పనిచేస్తాయి.

ఇంత జరిగినా 1980ల దాకా చిన్నపాటి లీకును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికన్ కార్లలో కిలోన్నర దాకా ఆర్-12 గ్యాస్ పట్టేది, అది చవక. కొంచెం పోయినా చల్లదనం తగ్గేది కాదు, తగ్గితే మళ్లీ పట్టించేవారు. 1974లో మారియో మోలినా, షేర్‌వుడ్ రోలండ్ ఆర్-12 లాంటి గ్యాసులు ఓజోన్ పొరను తినేస్తాయని రాశారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ లోటు బయటపడింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అమెరికాలో 1992 నుంచి గ్యాస్‌ను గాలిలోకి వదలడం నేరమైంది. కారు ఏసీ పనికి ధ్రువపత్రం తప్పనిసరి అయింది. 1990ల మధ్యకల్లా అక్కడి కొత్త కార్లన్నీ ఆర్-134ఎ గ్యాస్‌కు మారాయి. దాని అణువు ఆర్-12 అణువు కన్నా చిన్నది, రబ్బరులోంచి సులువుగా జారుకుంటుంది. పాత నల్ల రింగుల స్థానంలో ఎక్కువగా ఆకుపచ్చ రంగులో ఉండే కొత్త రకం రబ్బరు రింగులు వచ్చాయి. పాత మినరల్ ఆయిల్ దీనితో కలవదు కాబట్టి పాగ్ అనే కొత్త నూనె వచ్చింది, అది గాలిలోని తేమను పీలుస్తుంది. చిన్న కార్లలో ఇప్పుడు పట్టే గ్యాస్ 400, 500 గ్రాములే. కిలోన్నరలో వంద గ్రాములు పోతే తెలియదు, నాలుగు వందల్లో వంద పోతే వెంటనే తెలుస్తుంది.

జాయింటు రూపం కూడా మారింది. ఫోర్డ్ 1980లలో పానాతోనే పని లేని స్ప్రింగు లాక్ జాయింటు తెచ్చింది. నొక్కితే పట్టుకుంటుంది, విప్పడానికి ప్రత్యేక పరికరం కావాలి. కాస్త అటూ ఇటూ ఊగే దాని స్వభావం వల్ల రింగులు అరిగి లీకులొచ్చాయి. ఇప్పుడు ఎక్కువ కార్లలో ఉన్నది దిమ్మె జాయింటు. పైపు కొసకు ఒక అల్యూమినియం దిమ్మె, పైపు పక్కగా ఒకే ఒక్క బోల్టు. తరచూ అది ఎం6, పది నంబరు పానా పట్టేది. బిగువు సుమారు 10 న్యూటన్ మీటర్లు. బోల్టు పైపు నడుమ కాక పక్కన ఉండటంతో దిమ్మెను చేత్తో సూటిగా ఆనించి పట్టుకోవాలి. అలా పట్టకుండా బోల్టుతోనే లాగితే దిమ్మె ఒరిగి, రింగు ఒక పక్క నలిగి మరో పక్క తేలిపోతుంది.

పది నంబరు పానా పొట్టిగా ఉండటానికీ కారణం ఉంది. 15 సెంటీమీటర్ల పానా కొసన ఏడు కిలోల బలం పెడితే వచ్చేది ఆ 10 న్యూటన్ మీటర్లే. బోల్టు సైజుకు తగ్గ పొడవుతో పానా చేయడమే టార్క్ రెంచి లేని చోట ఒక రక్షణ. దానికి రెండు అడుగుల పైపు తొడిగితే అదే ఏడు కిలోల బలం 40 న్యూటన్ మీటర్లవుతుంది. ఎం6 బోల్టు అందులో సగానికే తెగుతుంది, అల్యూమినియంలో మరలు అంతకన్నా ముందే ఊడతాయి.

భారతదేశంలో ఈ చరిత్ర ఆలస్యంగా మొదలై తొందరగా నడిచింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో ఏసీ అంటే విడిగా కొని డ్యాష్‌బోర్డు కింద తగిలించుకునేది. 1983లో మారుతీ 800 వచ్చింది. సుజుకి, డెన్సో సంస్థల తోడ్పాటుతో 1985లో ఏర్పడిన సుబ్రోస్ కార్ల ఏసీలు ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. అంగుళాల పానాలకు అలవాటుపడిన షెడ్లలోకి మిల్లీమీటర్ల బోల్టులు, అల్యూమినియం కండెన్సర్లు ఒకేసారి వచ్చిపడ్డాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ హబ్బు నట్లకు పైపు తొడిగి బిగించడం పనిలో భాగం. లారీ చక్రానికి అది చెల్లింది. కారు ఏసీ మెకానిక్ క్రమంగా వేరే వృత్తిగా విడిపోవడానికి గ్యాస్ పట్టే యంత్రం ఒక కారణమైతే, చేతి బలం తేడా మరొకటి.

కంపెనీ సర్వీసు కేంద్రాల్లో ఇప్పుడు టార్క్ రెంచి వాడకం నియమం. చేతి రెంచీలకు ఐఎస్ఓ 6789 ప్రమాణం ఉంది. క్లిక్కుమనే రకంలో చాలావాటికి అది 4 శాతం తేడా వరకు ఒప్పుకుంటుంది. వేరే గడువు పెట్టుకోకపోతే ఏడాదికో, 5000 సార్లు వాడాకో మళ్లీ సరిచూడాలి. పని అయ్యాక స్ప్రింగును కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టాలి. బయటి షెడ్లలో మాత్రం లెక్క చేతిదే. ప్రతి వేసవి మొదట్లో గ్యాస్ పట్టించడం ఇంజన్ ఆయిల్ మార్చినంత సహజమని తెలుగునాట చాలామంది కార్ల యజమానులు అనుకుంటారు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఏటా తగ్గుతుంటే ఎక్కడో ఒక జాయింటు కారుతున్నట్టే. ఆ చోటు చాలాసార్లు కంటికే దొరుకుతుంది: గ్యాస్‌తో పాటు రవ్వంత నూనె బయటికొచ్చి, దాని మీద దుమ్ము పట్టి నల్లగా తడితడిగా ఉంటుంది. సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. దొరికిన జాయింటును ఇంకో చుట్టు బిగించడం దాదాపు ఎప్పుడూ పనిచేయదు. మిగిలిన గ్యాస్‌ను యంత్రంలోకి లాగి, జాయింటు విప్పి, గాడి తుడిచి, కొత్త రింగు నూనెతో వేసి, చెప్పిన అంకెకే బిగించాలి.

ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఎ కూడా వాడకూడదు. దాని వేడి పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. బదులు వచ్చిన ఆర్-1234వైఎఫ్ ఆ దోషం లేనిదే గానీ, ఖరీదు చాలా ఎక్కువ, కొద్దిగా మండే స్వభావం ఉంది. దాని వ్యవస్థల్లోనూ విప్పిన ప్రతి జాయింటుకూ కొత్త సీలు వేయాలని, బోల్టును టార్క్ రెంచితోనే బిగించాలని తయారీదారులు కోరుతున్నారు.